మళ్లీ చదువుతామంటే నవ్వడం కాదు, దారి ఇవ్వాలి

మా మండల కమిటీ నుంచి ఏడుగురం పోయిన ఏడు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్‌కు పేర్లు రాయించుకున్నాం. అందరం యాభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లమే. పదో తరగతి దగ్గర ఆగిన చదువులు మావి. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు పొలం, బోర్లు, అప్పులు, పిల్లల పెళ్లిళ్లతో గడిచాయి. ఈ వేసవిలో మొదటి పరీక్షలు రాశాం. ముగ్గురం అన్నీ గట్టెక్కాం. ముగ్గురికి ఒకటి రెండు సబ్జెక్టులు మిగిలాయి. ఒకరు ఒక పరీక్షకు పోలేకపోయారు, ఆ కారణం కింద చెప్తాం.

పేర్లు రాయించుకున్న రోజు నుంచి ఊళ్లో రెండు మాటలు వింటున్నాం. ఒకటి, "ఇప్పుడు చదివి ఏం కొలువు చేస్తవ్ మామా?" రెండు, "మొక్కై వంగనిది మానై వంగునా?" ఈ రెండింటికీ జవాబు చెప్పాల్సి ఉంది. మా ఏడుగురి కోసమే అయితే ఈ పత్రికలో ఇంత చోటు అడిగేవాళ్లం కాదు. మళ్లీ చదవాలని మనసులో ఉండి, నలుగురూ నవ్వుతారని ఊరుకున్న రైతులు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్ల చదువు వాళ్ల ఇంటి విషయం అని వదిలేయకూడదు, అది రైతు సంఘం పని అని మా అభిప్రాయం.

ముందు ఆ సామెత సంగతి. మామిడి తోట ఉన్న రైతును అడగండి. కాపు తగ్గిన ముదురు చెట్టును పీకి పారేస్తామా? కొమ్మలు కొట్టి, కోసిన చోట బోర్డో పేస్టు పూసి, వచ్చిన చిగుళ్లలో బలమైనవి ఉంచి మిగతావి తీసేస్తాం. కావాలంటే ఆ చిగుళ్లకు కొత్త రకం అంటు కడతాం. రెండు మూడేళ్లు ఓపిక పడితే మళ్లీ కాపు. ముదురు తోటల పునరుద్ధరణ పేరుతో ఉద్యాన శాఖ దీనికి రాయితీ కూడా ఇస్తుంది. ముదురు చెట్టుకు పథకం ఉన్నప్పుడు ముదురు రైతుకు ఎందుకు ఉండకూడదు?

చదువు మానలేదు, ఆగిపోయింది

మా తరం చదువు మానేసిందని అంటుంటారు. ఎనభైల్లో పల్లెలో పది పాసైన పిల్లవాడికి జూనియర్ కాలేజీ పట్నంలో ఉండేది. పోయి రావడానికి వేళకు బస్సు ఉండేది కాదు. హాస్టల్‌లో సీటు దొరికేది కాదు. గది అద్దెకు తీసుకునే తాహతు ఇంట్లో లేదు. పెద్దకొడుకు అయితే నాగలి పట్టాలి, ఆడపిల్ల అయితే అత్తగారింటికి పోవాలి. 1987 నాటి లాంటి కరువు ఒక్కటి వస్తే పుస్తకాల సంచి గోడకు ఎక్కేది, మళ్లీ దిగేది కాదు.

6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని రాజ్యాంగాన్ని సవరించింది 2002లో. విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో. అప్పటికి మా పిల్లలే బడికి పోతున్నారు. మా చిన్నతనంలో ఆ హక్కు మాకు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఏడేళ్లు దాటినవారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి చదవడం, రాయడం రాదు. ఆ లెక్కన పది దాకా వచ్చిన మేము మెరుగే. అంటే మా తరానికి ప్రభుత్వం చదువు బాకీ పడింది. పంట రుణం మనం బాకీ పడితే నోటీసు వస్తుంది. ఈ బాకీకి నోటీసు మనం ఇవ్వాలి.

కొలువు కోసం కాదు, కాగితం కోసం

ఇక కొలువు మాట. యాభై ఏళ్లకు మాకు ఎవరూ కొలువు ఇవ్వరు, మేమూ అడగడం లేదు. కానీ మన కొట్లాటల తీరు మారింది. రోడ్డు మీద ఎంత గట్టిగా కూర్చున్నా చివరికి ఒక కాగితం చేతిలో పెట్టి "మీ అభ్యంతరం రాసివ్వండి" అంటున్నారు. అక్కడ ఆగిపోతున్నాం.

భూమి సంగతే చూడండి. 2020లో ధరణి వచ్చాక రికార్డు కంప్యూటర్ తెర మీదికి పోయింది. తన సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఎందుకు పడిందో తెలియక ఏళ్ల తరబడి మీసేవ చుట్టూ, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవారు మన ప్రతి గ్రామ కమిటీలో ఉన్నారు. 2025లో భూభారతి చట్టం వచ్చింది. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలి అన్నది అందులోనే రాసి ఉంది. చదవగలిగినవాడు ఆ గడువులో దరఖాస్తు పెడతాడు. చదవలేనివాడు దళారి చేతిలో డబ్బులు పెడతాడు.

భూసేకరణకు వస్తే, 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. ఆ 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు అయిపోయాయో తెలియని రైతుకు హక్కు ఉన్నా లేనట్టే.

విత్తనం సంగతీ అంతే. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ఉంది. రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు అని అందులో ఉంది. నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుల ఫోరానికి పోవచ్చని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జాతీయ విత్తన సంస్థ మీద మన తెలుగు రైతులు వేసిన కేసుల్లోనే ఆ తీర్పు వచ్చింది. బిల్లు, సంచి, దాని మీది లాట్ నంబరు దాచిపెట్టుకోవాలన్న చిన్న సంగతి తెలియక, ఇంత పెద్ద తీర్పు ఉండి కూడా ఎంతమంది వట్టి చేతులతో మిగిలారో మనందరికీ తెలుసు.

"దీనికి లాయరు ఉన్నాడు కదా, ఇంటర్ చదవడం ఎందుకు?" అని అడగవచ్చు. లాయరు కావాలి. అయితే లాయరును ఏం అడగాలో తెలియడానికి, అతను రాసిన పిటిషన్‌లో మన సర్వే నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి మనకు చదివే అలవాటు ఉండాలి. ఇంటర్ పుస్తకంలో భూభారతి ఉండదు. కానీ రోజూ గంట కూర్చొని నాలుగు పేజీలు చదివి, అర్థమైంది సొంత మాటల్లో రాయడం అక్కడే వస్తుంది. ముప్పై అయిదేళ్లు కలం పట్టని చేతికి మొదటి నెల ఒక పేజీ రాయడం అరెకరం కలుపు తీసినంత పని. మూడో నెలకు అలవాటైంది. ఇప్పుడు మా కమిటీ వినతిపత్రాలు మేమే రాసుకుంటున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అర్థశాస్త్రం పుస్తకంలో ధర పెరిగితే సరఫరా పెరుగుతుందని చదివాం. టమాట వేసినవాళ్లకు దాని తర్వాతి కథ తెలుసు. ధర ఉందని అందరం వేస్తాం, పంట చేతికొచ్చేసరికి ధర పడిపోతుంది. మరుసటి ఏడు ఎవరూ వేయరు, ధర మళ్లీ ఎక్కుతుంది. అర్థశాస్త్రవేత్తలు ఈ తిరుగుడును సాలెగూడుతో పోల్చారని తెలిశాక మాకు ఒకటి అర్థమైంది. మనం దీన్ని మన ఖర్మ అనుకుంటున్నాం. దీనికి పేరుంది, కారణం ఉంది. కారణం ఉంటే మందు కూడా అడగవచ్చు.

తెరిచి ఉన్న తలుపులు

రైతు సోదరులు, సోదరీమణులు తెలుసుకోవాల్సిన వివరాలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

పది పూర్తికాని వారికి తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి ఉంది. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. బడికి ఎన్నడూ పోకపోయినా చదవడం, రాయడం వస్తే చేరవచ్చు. పది పాసైనవారు ఇంటర్‌కు చేరవచ్చు. క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి. తెలుగులో చదవవచ్చు, తెలుగులో రాయవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాస్ కావాల్సిన పని లేదు. పాసైనవి అలాగే ఉంటాయి, మిగిలినవి అయిదేళ్లలోపు రాసుకోవచ్చు. నాలుగు ఎకరాలను ఒక్కరోజులో నాటు వేయలేం, మడి తర్వాత మడి వేసుకుంటాం. ఇదీ అంతే.

ఇంటర్ తర్వాత అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, ఆచార్య జి. రామ్‌రెడ్డి గారు మొదటి ఉపకులపతి. ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దాని తర్వాత, 1985లో వచ్చింది. కాలేజీకి పోలేనివారి దగ్గరికి కాలేజీ రావాలన్నది ఆ ఆలోచన. చాలా ఏళ్లు అక్కడ 18 ఏళ్లు నిండి అర్హత పరీక్ష పాసైతే ఇంటర్ లేకున్నా డిగ్రీకి తీసుకున్నారు. ఇప్పుడు ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు అడుగుతున్నారు. చేరేముందు దగ్గరి అధ్యయన కేంద్రానికి పోయి ఆ ఏటి నిబంధనలు స్వయంగా చూసుకోండి.

లా చదవాలని ఉన్న కార్యకర్తలకు ఒక హెచ్చరిక. పది, ఇంటర్ లాంటి పునాది చదువు లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవారికి లా కోర్సులో ప్రవేశం లేదని బార్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. కాబట్టి మెట్లు దాటేయవద్దు. పది, ఇంటర్, డిగ్రీ వరసగా ఉండాలి. అలా ఉంటే మూడేళ్ల లా కోర్సు ప్రవేశపరీక్షకు యాభై ఏళ్లు దాటినవారూ కూర్చోవచ్చు. అయితే లా దూరవిద్యలో లేదు, కాలేజీకి రోజూ పోవాల్సిందే.

కాగితాల విషయంలో రెండు మాటలు. పదో తరగతి మెమో పోయిందని వెనక్కి తగ్గకండి. చదివిన బడి హెడ్‌మాస్టరు ద్వారా ఎస్సెస్సీ బోర్డుకు దరఖాస్తు చేసి డూప్లికేట్ తీసుకోవచ్చు. మెమోలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవకపోతే ముందే సరిచేయించుకోండి, హాల్‌టికెట్ వేళకు అదే ఇబ్బంది పెడుతుంది. చదవకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామని, పరీక్షలో "చూసుకుంటామని" డబ్బులు అడిగేవారు ఉన్నారు. మా దగ్గరికీ వచ్చారు. వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. మనకు కావాల్సింది చదువు. చదువు లేని సర్టిఫికెట్ మొలక రాని విత్తనం లాంటిది.

మూసి ఉన్న తలుపు

ఇప్పుడు అసలు కోపం వచ్చే విషయానికి వద్దాం. పైన చెప్పిన దారిలో రైతు చరిత్ర చదవవచ్చు, వాణిజ్యం చదవవచ్చు, లా చదవవచ్చు. వ్యవసాయ కాలేజీలో మాత్రం వ్యవసాయం చదవలేడు.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో బీఎస్సీ అగ్రికల్చర్ సీటుకు పై వయసు 22 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 25. రైతుల పిల్లలకు సీట్లలో కోటా ఉంది. మంచిదే, అది మన ఉద్యమాల డిమాండే. కానీ కోటాకు ఆధారమైన ఆ రైతు, పాసుపుస్తకం జిరాక్సు ఇచ్చిన ఆ తండ్రి, ఆ తల్లి మాత్రం గేటు బయటే ఉండాలి. ముప్పై ఏళ్లు వరి పండించినవాడికి వరి గురించి చదివే వయసు దాటిపోయిందట!

మనకు మందులు అమ్మే డీలర్ కోసం మాత్రం చదువు ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల డీలర్ల కోసం 'దేశీ' పేరుతో ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. వారానికి ఒక రోజు, దుకాణం సెలవు రోజున క్లాసు. మొత్తం 48 వారాలు, అందులో పొలాల సందర్శన కూడా ఉంటుంది. డీలర్ చదివితే మనకు మంచిదే, దాన్ని మేము తప్పు పట్టడం లేదు. అయితే డీలర్ వ్యాపారం ఆగకుండా, అతని సెలవు రోజు చూసి కోర్సు తయారు చేయగలిగినవారు రైతు పని రోజులు చూసి ఒక కోర్సు ఎందుకు తయారు చేయలేరు?

పొలంబడి లేదా అంటారు. ఉంది. వారం వారం పొలంలో కూర్చొని మిత్రపురుగులు, శత్రుపురుగులు లెక్కపెట్టడం అక్కడే నేర్చుకున్నాం. మన అనుభవంలో అంతకంటే మంచి బడి లేదు. అయితే పొలంబడిలో పంట కాలమంతా కూర్చున్న రైతుకు ఆ చదువు ఏ డిప్లొమాలోనూ లెక్కకు రాదు. ముందే వచ్చిన పనికి గుర్తింపు ఇచ్చే పద్ధతి దేశంలో నైపుణ్య శిక్షణ పథకాల్లో ఉంది. దాన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయం దాకా తీసుకురావాలి. పొలంబడి, దాని మీద రెండేళ్ల వారాంతపు డిప్లొమా, అక్కడి నుంచి కావాలన్నవారికి డిగ్రీ. మేము అడిగే మెట్లు ఇవి.

పంట తేదీ, పరీక్ష తేదీ

మాలో ఒకరు ఒక పరీక్షకు పోలేకపోయారని మొదట్లో చెప్పాం. కారణం ఇది. ఓపెన్ స్కూల్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఒకటి ఏప్రిల్, మే రోజుల్లో వస్తుంది. యాసంగి వడ్లు కల్లంలో, కొనుగోలు కేంద్రంలో ఉండే రోజులు అవే. ఆయన వడ్లకు పదకొండు రోజుల తర్వాత కాంటా వంతు వచ్చింది, సరిగ్గా పరీక్ష రోజున. మబ్బు పట్టి ఉంది. వంతు వదిలేస్తే మళ్లీ ఎప్పుడో తెలియదు, వాన పడితే కుప్ప తడిసి మొలకెత్తుతుంది. ఆయన కాంటా దగ్గరే నిలబడ్డారు. ఏ రైతయినా అదే చేస్తాడు. రెండోసారి పరీక్షలు వానాకాలం చివర వస్తాయి. అప్పుడు పత్తి ఏరుడు, వరికోతలు దగ్గరపడతాయి.

ఎవరూ కావాలని ఇలా పెట్టి ఉండరు. బడి పిల్లల క్యాలెండర్ చూసి పెట్టారు. కానీ ఓపెన్ స్కూల్ ఉన్నదే బడికి పోలేనివారి కోసం. పల్లెలో అలాంటివారి క్యాలెండర్ అంటే పంటే.

రైతు పని చూసి చదువు పెట్టడం ఎక్కడా లేని వింత కాదు. డెన్మార్క్‌లో గ్రుండ్‌విగ్ అనే మతగురువు, విద్యావేత్త ఆలోచనతో 1844లో రోడింగ్ అనే ఊళ్లో రైతు కుటుంబాల యువతకు ఒక బడి పెట్టారు. తర్వాత అలాంటివి దేశమంతా వచ్చాయి. పొలం పనులు లేని చలికాలంలో మగవారికి, వేసవిలో ఆడవారికి క్లాసులు నడిపేవారు. పరీక్షలు లేవు. చరిత్ర, భాష, సమాజం గురించి మాట్లాడుకోవడమే చదువు. అదే దేశంలో 1882 నుంచి రైతులు సొంతంగా సహకార పాల కేంద్రాలు పెట్టుకున్నారు. ఆ సహకార సంఘాలను నడిపినవారిలో ఈ బడుల్లో చదివిన రైతులు చాలామంది ఉన్నారు. చదువు వచ్చినవాళ్లు ఊరు విడిచిపోతారన్న మాటకు అదొక జవాబు. చదువు ఊరి పనికి కలిసివస్తే ఊళ్లోనే ఉంటారు.

మనకూ ఆ చరిత్ర ఉంది. 1930లలో ఎన్.జి. రంగా గారు గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. రైతు కార్యకర్తలకు అక్కడ రాజకీయాలు, ఆర్థిక విషయాలు నేర్పారు. ఉద్యమంలోకి పోయేముందు రైతు చదువుకోవాలని ఆనాడే గుర్తించారు. రంగా గారి రాజకీయాలతో మనకు తేడాలు ఉండవచ్చు, ఈ విషయంలో మాత్రం ఆయన బాట సరైనదే.

ఆడవాళ్ల చదువు

మా ఏడుగురిలో ఇద్దరు అక్కలు ఉన్నారు. క్లాసు ఆదివారం అంటే మగవాడికి సెలవు రోజు. ఆడవారికి అలా కాదు. ఆదివారం పిల్లలు, మనుమలు ఇంట్లో ఉంటారు, కూర ఎక్కువ వండాలి, బట్టలు ఉతకాలి, పాలు పిండాలి. ఒక అక్క చెప్పిన మాట: "క్లాసుకు పోతానంటే మా ఆయన వద్దనలేదు. వంట ఎవరు చేస్తరో మాత్రం చెప్పలేదు." సంఘంలో ఉన్న మగవాళ్లం ముందు ఇక్కడ మారాలి. ఇంటి పని పంచుకోకుండా ఆడవారి చదువు గురించి తీర్మానాలు చేసి లాభం లేదు.

ఆడవారి చదువు ఏం చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. తొంభైల మొదట్లో అక్కడ అక్షరాస్యత కేంద్రాల్లో రాత్రిపూట చదువుకున్న ఆడవాళ్లు, తమ పాఠంలో సారా గురించి చదివి, చర్చించి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోసమ్మ గారి లాంటివారు ముందు నిలబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను, 1995లో మొత్తం మద్యాన్ని ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. మద్య నిషేధం తర్వాత ఏమైందన్నది వేరే కథ. పలకా బలపం పట్టిన కూలి ఆడవాళ్లు ప్రభుత్వాన్ని కదిలించారన్నది మాత్రం ఎవరూ చెరపలేరు.

మూడు అభ్యంతరాలు

మన సంఘంలోనే వచ్చే మాటలు ఇవి. "ముందు గిట్టుబాటు ధర రావాలి, తర్వాత చదువు." ధర కోసం కొట్లాట ఆపమని ఎవరూ అనడం లేదు. సాగు ఖర్చు లెక్క ఎలా కడుతున్నారు, కౌలును, ఇంటివారి కష్టాన్ని అందులో ఎలా లెక్కేస్తున్నారు అన్న దగ్గరే ధర కొట్లాట ఉంది. ఆ లెక్క చదవగలిగినవారు మన వైపు ఎంతమంది ఉంటే అంత బలం.

"చదువుకున్న నాయకులు మనకు ఉన్నారు కదా." ఉన్నారు, వారి మీద గౌరవం ఉంది. కానీ హైదరాబాద్‌లో ఉన్న నాయకుడు మన ఊరి నోటీసు గడువులోపు రాలేడు. ప్రతి గ్రామ కమిటీలో కనీసం ఇద్దరు చదివి, రాసి, చెప్పగలిగినవారు ఉండాలి.

మూడోది గట్టి అభ్యంతరం. "చదువు, చదువు అంటే చదువు లేనివారిని చిన్నచూపు చూసినట్టు కాదా?" ఈ భయంలో నిజం ఉంది. హర్యానాలో పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలంటే ఇంత చదువు ఉండాలని చట్టం చేశారు. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చదువు చెప్పించని ప్రభుత్వమే, చదువు లేదని పేదవాడి పోటీ హక్కు తీసేసింది. మేము దానికి పూర్తిగా వ్యతిరేకం. మన సంఘంలో ఏ పదవికీ చదువు షరతు కాకూడదు. చదువును హక్కుగా అడుగుతున్నాం, అడ్డుగోడగా కాదు.

మా డిమాండ్లు

ఒకటి, ఓపెన్ స్కూల్ పరీక్షల్లో ఒక విడతను పొలం పని తక్కువగా ఉండే రోజుల్లో పెట్టాలి. కొనుగోలు కేంద్రం టోకెన్, పరీక్ష ఒకే రోజు పడితే కాంటా వంతు మార్చుకునే వీలు ఇవ్వాలి.

రెండు, ప్రతి మండలంలో ఓపెన్ స్కూల్ కేంద్రం, దగ్గరలో డిగ్రీ అధ్యయన కేంద్రం ఉండాలి. చిన్న, సన్నకారు రైతులకు, కౌలు రైతులకు, వ్యవసాయ కూలీలకు ఫీజు పూర్తిగా మాఫీ చేయాలి. కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు కాబట్టి గ్రామ కార్యదర్శి ఇచ్చే పత్రం సరిపోవాలి.

మూడు, వ్యవసాయ విశ్వవిద్యాలయం సాగు చేసే రైతులకు వయసు హద్దు లేని, తెలుగులో నడిచే డిప్లొమా పెట్టాలి. పొలంబడి కాలాన్ని అందులో లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగు, ఊరి గ్రంథాలయాలు, రైతు వేదికలు సాయంత్రం తెరిచి ఉంచాలి. కరెంటు, కుర్చీలు, పాఠ్యపుస్తకాలు ఉంటే చాలు, మిగతాది మేము చూసుకుంటాం.

ఇవి ప్రభుత్వానికి. సంఘం చేయాల్సింది ఇంకోటి ఉంది. ఈ నెల ప్రతి గ్రామ కమిటీ సమావేశంలో ఒక్క ప్రశ్న అడగండి: "మళ్లీ చదవాలని ఎవరికి ఉంది?" మొదటి రోజు చేతులు లేవవు, మా దగ్గరా లేవలేదు. సమావేశం అయ్యాక ఒక్కొక్కరే వచ్చి చెవిలో చెప్పారు. ఆ పేర్లు రాసుకోండి. మెమోలు వెతికించండి. ఓపెన్ స్కూల్ ప్రవేశాలు మామూలుగా వానాకాలంలో జరుగుతాయి, నాట్ల హడావుడిలో తేదీ దాటిపోతుంది. అందుకని కమిటీలో ఒకరికి ఆ పని అప్పగించండి. వారానికి రెండు సాయంత్రాలు కలిసి కూర్చోండి. డిగ్రీ చదువుతున్న ఊరి పిల్లలను పిలిచి పాఠం చెప్పించుకోండి. పిల్లల దగ్గర నేర్చుకోవడంలో తలవంపులు ఏమీ లేవు, మన దగ్గర వాళ్లు వ్యవసాయం నేర్చుకోవాల్సింది కూడా ఉంది.

మా కమిటీ నుంచి వచ్చే ఏటికి మరో పదిమంది సిద్ధంగా ఉన్నారు. మిగిలిన సబ్జెక్టులు ఉన్నవారు రెండో విడతకు చదువుతున్నారు. పాసైన ముగ్గురం డిగ్రీకి దరఖాస్తు పెట్టాం. మీ మండలం లెక్క ఎంతో ఈ పత్రికకు రాసి పంపండి.